యమపాశం గోల్డు, అనుమతి ఉన్నవారికి మాత్రమే

ఆ రోజు పొద్దున శేషన్న మనసులో పెద్ద పెద్ద పథకాలేమీ లేవు. దుకాణం తెరవాలి, దేవుడి పటానికి ఊదొత్తి వెలిగించాలి, భార్య రామలక్ష్మమ్మ తెచ్చే ఉగ్గాని బజ్జీ తినాలి, మధ్యాహ్నం బస్సెక్కి కర్నూలు పోయి లైసెన్సు రెన్యువల్ సంగతి కనుక్కోవాలి. అంతే. కోడుమూరు బస్టాండు పక్కన ఆయనది పురుగుమందుల దుకాణం. దాని లైసెన్సు గడువు ఈ నెలతో సరి. కొత్త కాగితం రాకపోతే షట్టరు దించేసి మామగారి గొర్రెల వెంట పోవాల్సిందే. మామగారు ఆ మాట ఇప్పటికే అన్నాడు, అదీ నవ్వుతూ అన్నాడు. అందుకే రాత్రి శేషన్న మంచం మీద పొర్లుతూ, "లైసెన్సు రాలేదంటే నాకు సావే గతి" అని భార్యతో అన్నాడు. అని, గుర్రుపెట్టి నిద్రపోయాడు. నిద్ర పట్టనిది రామలక్ష్మమ్మకే.

శేషన్నకు చట్టం తెలియదని ఎవరైనా అంటే ఆ పాపం వాళ్ళదే. డీలర్ల కోసం పెట్టిన డిప్లొమా క్లాసులకు ఆయన ఏడాది పొడుగునా పోయాడు. చివరి బెంచీలో కునికిపాట్లు పడుతూనే రెండు ముక్కలు గట్టిగా పట్టుకొచ్చాడు. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే అది మహా ఘాటైన విషం. కొన్ని మందులను అందరికీ అమ్మకూడదు, అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వాలి. పాఠం చెప్పిన సారు పాపం జాగ్రత్త కోసం చెప్పాడు. శేషన్న చెవికి మాత్రం అవి సరుకు అమ్ముకునే ఉపాయాలుగా వినపడ్డాయి.

అలా పుట్టింది యమపాశం గోల్డు. ఊరి బయట షెడ్డులో ఒక డ్రమ్ము, డ్రమ్ములో బెల్లం నీళ్ళు, వాసనకు కాస్త వేపనూనె, రంగుకు మిఠాయి రంగు. ఏ పురుగుమందైనా ఢిల్లీలో కమిటీ ముందుకు పోయి, పరీక్షలకు నిలబడి, రిజిస్ట్రేషన్ నంబరు తెచ్చుకోవాలని ఆయనకు తెలుసు. కానీ బెల్లం కోసం ఢిల్లీ దాకా ఎవరు పోతారు? ప్రెస్సులో చెబితే ఎర్ర త్రికోణం, పుర్రె బొమ్మ, ఇంకెవరిదో డబ్బా మీద నుంచి ఎత్తిన విరుగుడు ఇంజెక్షన్ పేరు, అన్నీ కలిపి లేబుల్ అచ్చేసి ఇచ్చారు. దాని పైన శేషన్న సొంత తెలివి ఒకటి: 'పరిమిత వినియోగం. ప్రత్యేక అనుమతి ఉన్నవారికి మాత్రమే.' ఆ అనుమతి ఇచ్చేదీ ఆయనే. రైతు రాగానే అటూ ఇటూ చూసి, కౌంటరు కిందికి వంగి, "నీకు కాబట్టి ఇస్తాండా, బయట చెప్పొద్దప్పా" అనేవాడు. దొరకదన్న మందు మీద మనవాళ్ళకు ఎంత నమ్మకమో! బెల్లం నీళ్ళు ఆ చుట్టుపక్కల పత్తి చేలన్నీ చుట్టి వచ్చాయి. ఇంట్లో కూడా ఈ గుట్టు చెప్పలేదు. "ఆ షెడ్డు దగ్గరికి పోవాకు, వాసన పీలిస్తేనే పోతావు" అని భార్యను బెదిరించి పెట్టాడు.

షట్టరు ఎత్తబోతే మెట్టు మీద వీరభద్ర కూర్చొని ఉన్నాడు. పక్క పల్లెలో పత్తి రైతు, మాట తక్కువ మనిషి. చేతిలో పత్తికాయ ఉంది, కాయలో పురుగు ఉంది, పురుగు ఆరోగ్యంగా ఉంది.

"శేషన్నా, మూడు తూర్లు కొట్టినా నీ మందు. చూడు ఎట్ల బలిసిందో."

"నీళ్ళు ఎక్కువ కలిపింటావు లే."

"నువ్వు చెప్పినట్లే కలిపినా కదప్పా. ఈ చేను పోతే ఈ ఏడు నాకు ఇంగేం లేదు."

"అయితే ఇంకో తూరి కొట్టు. పురుగుకు కూడా అలవాటు కావొద్దా!" అని శేషన్న లోపలికి పోయేసరికి, దుకాణం ముందు స్కూటీ ఆగింది. మండల వ్యవసాయాధికారి క్రిస్టినా మేడం. ముందుగా కబురు లేకుండా ఆమె ఎప్పుడూ రాదు, ఇవాళ కబురే లేదు. తనిఖీ! అనుకున్నాడు శేషన్న. యమపాశం గోల్డు పెట్టెను కాలితో కౌంటరు కిందికి తోశాడు. హడావుడిలో తోసిన పెట్టె పక్కకు ఒరిగి, సీసాలు దొర్లుకుంటూ పోయి సరిగ్గా మేడం చెప్పుల దగ్గర ఆగాయి.

ఆమె ఒకటి తీసి తిప్పి చూసింది. "శేషన్న గారూ, దీని రిజిస్ట్రేషన్ నంబరు యాడుంది?"

"అది బయో మేడం. ఆకులు, వేర్లు. దానికి నంబరు అక్కర్లేదు."

"బయో అయినా సరే, పురుగును చంపుతుందని అచ్చేసినారంటే నంబరు ఉండాల్సిందే. ఇంతకీ చంపుతుందా, చంపదా?"

చంపుతుందంటే కేసు. చంపదంటే ఎదురుగా వీరభద్ర. శేషన్న ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"ప్రత్యేక అనుమతి అని రాసినారే, ఎవరి అనుమతి?"

"నాదే మేడం."

"మీదా! ఎర్ర త్రికోణం, పుర్రె బొమ్మ... ఇంత విషాన్ని మీ ఇష్టానికి అమ్ముతాండారా?"

"అయ్యో, విషమేంది మేడం! పురుగుకే యముడు. మనిషికి శానా మంచిది. చూడండి కావాలంటే!" అని శేషన్న సీసా లాక్కుని, మూత తీసి, సగం దాకా గటగటా తాగేశాడు. అదే క్షణంలో టిఫిన్ క్యారియర్‌తో రామలక్ష్మమ్మ గడపలో అడుగు పెట్టింది.

క్యారియర్ కింద పడింది. బజ్జీలు వీధిలోకి దొర్లాయి.

"ఓ నాయనో! లైసెన్సు రాకపోతే సస్తానన్నాడు, అన్నంత పనీ చేసినాడే!"

బస్టాండు మొత్తం దుకాణం ముందు నిలబడింది. "ఏం కాలేదే, ఊరికే..." అని శేషన్న నోరు తెరిచాడు. తెరవడమే తప్పయింది. పక్కన టీ బంకు నడిపే లేవి, గ్లాసులు కడిగే సబ్బునీళ్ళ బకెట్‌తో ఉరికొచ్చాడు. వీరభద్ర దవడ పట్టుకున్నాడు. ఆ పట్టులో సాయమెంతో, కోపమెంతో చెప్పడం కష్టం. కక్కించాలని చెంబు తర్వాత చెంబు సబ్బునీళ్ళు నోట్లో పోశారు. శేషన్న చెప్పదలచుకున్నదంతా బుడగలై బయటికి వచ్చింది. ఇంతలో 108 వచ్చింది, ఎక్కించారు. రామలక్ష్మమ్మ సాక్ష్యంగా సీసా కొంగులో చుట్టుకుని ఎక్కింది. వీరభద్ర ఎక్కాడు. క్రిస్టినా కూడా ఎక్కింది.

దారిలో శేషన్నకు కాస్త ఊపిరాడింది. నిజం చెప్పేద్దామని నోరు తెరవగానే క్రిస్టినా ఫోను మోగింది.

"సార్, నేనేం వేధించలేదు సార్... అప్పుడే వీడియో ఫోన్లలో తిరుగుతాండాదా? నన్ను సస్పెండ్ చేస్తారా సార్?"

శేషన్న తెరిచిన నోరు మూసుకున్నాడు. ఈమె పోతే? తనిఖీ పోతుంది, నంబరు అడిగే మనిషి పోతుంది, జాలిపడి లైసెన్సు కూడా ఇస్తారు. ఉద్యోగం ఊడుతుందని ఏడుస్తున్న పిల్ల పక్కనే పడుకుని ఆ పెద్దమనిషి ఇంత లెక్క వేశాడు. కళ్ళు తేలేసి, "అమ్మా... కడుపు..." అని తీరిగ్గా మూలిగాడు.

కర్నూలులో ఒక ఆసుపత్రిలో దించారు. డాక్టరు శేషన్న నోటి నుంచి వస్తున్న నురగ చూశాడు, సీసా మీద పుర్రె చూశాడు. "నురగ కూడా మొదలైంది. ఎర్ర త్రికోణం మందు. పైపు తీసుకురండి, కడుపు కడగాలి. లేబుల్ మీదున్న ఇంజెక్షన్ కూడా సిద్ధం చెయ్యండి."

పైపు బారు చూడగానే శేషన్న లెక్కలన్నీ మరిచిపోయాడు. "సార్, అది బెల్లం..." అన్నాడు. గుమ్మంలో వీరభద్ర కనిపించాడు. శేషన్న ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ ఒక్క క్షణంలో పైపు నోట్లోకి దిగిపోయింది. ఇక నిజం చెప్పాలని ఆయనకు జన్మలో ఎన్నడూ లేనంత ఆత్రం పుట్టింది, నోరే ఖాళీ లేదు.

అటూ ఇటూ కొట్టుకుంటున్న కళ్ళకు గోడవార ఒక అద్భుతం కనపడింది. రామలక్ష్మమ్మ కింద పెట్టిన సీసా మూత సరిగ్గా లేక కారుతోంది. ఆ మడుగు చుట్టూ చీమలు. ఒకటి వెనక ఒకటి, పెళ్ళి భోజనానికి వచ్చినట్లు వస్తున్నాయి. శేషన్న వేలు పెట్టి చూపించాడు, కాళ్ళు తన్నుకున్నాడు, గొంతులోంచి "ఈ... ఈ..." అన్నాడు.

"డాక్టర్, ఈయనకు గోడ మీద ఏందో కనిపిస్తాండాది," అంది నర్సు.

"విషం మెదడుకెక్కింది. గట్టిగా పట్టుకోండి. ఇంజెక్షన్ ఇవ్వండి."

సూది దిగబోతుంటే ఆ వేలు చూపిన వైపు క్రిస్టినా తిరిగింది. వంగి చూసింది. ఇంకా వంగి చూసింది.

"డాక్టర్ గారూ, ఆపండి! ఇంత ఘాటు మందు తాగి ఒక్క చీమ కూడా చావలేదు!"

పైపు బయటికి వచ్చింది. దాని వెనకే నిజం కూడా వచ్చింది, బెల్లం, వేపనూనె, మిఠాయి రంగుతో సహా. రామలక్ష్మమ్మ దేవుళ్ళందరికీ దండాలు పెట్టి, ఆ వెంటనే చెంబు కోసం వెతికింది, కొట్టడానికి. వీరభద్ర మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కొడతాడేమోనని శేషన్న చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"పురుగులు సావకపోతే నీళ్ళు ఎక్కువ కలిపినానని నన్నే తిడితివి కదప్పా," అన్నాడు వీరభద్ర. "నా చేతిదే తప్పేమో అనుకుని రాత్రుళ్ళు నిద్ర పోలేదు." జేబులోంచి ఆ పత్తికాయ తీసి శేషన్న దిండు పక్కన పెట్టి బయటికి పోయాడు. దానికన్నా కొట్టి ఉంటేనే బాగుండేది.

అయినా ఆశ చావని మనిషి శేషన్న. బొంగురు గొంతుతో, "మేడం, పురుగుమందు కాదని తేలిపోయింది కదా. ఇంగ మీ చట్టం నాకు అంటదు కదా?" అన్నాడు.

క్రిస్టినా కళ్ళు తుడుచుకుంది. గొంతు మాత్రం చల్లగా ఉంది. "మందని అమ్మినారు, నంబరు లేదు. అదొక కేసు. తీరా చూస్తే మందే కాదు, నకిలీ. అది ఇంకో కేసు."

"అయితే తాగేదని రాసుకోండి మేడం. పానకం."

"తాగేదైతే ఆహార లైసెన్సు చూపించండి. మిఠాయి రంగు సంగతి వాళ్ళు వేరే చూసుకుంటారు."

శేషన్న నీరుగారిపోయాడు. "అసలు పొద్దున్నే నా మీద తనిఖీకి ఎవరు పంపినారు మేడం?"

"తనిఖీ ఎవరు చేసినారు?" ఆమె సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. "మీ రెన్యువల్ వచ్చింది. దారిలోనే కదా, ఇచ్చి పోదామని వచ్చినా. మా మందార చెట్టుకు పిండినల్లి పట్టింది, ఒక వేపనూనె సీసా కొనుక్కుందామని కూడా." కాగితాన్ని ఒకసారి విప్పి చూపించి, మళ్ళీ మడిచి, సంచిలో పెట్టి జిప్పు వేసుకుంది.

మంచం అవతల రామలక్ష్మమ్మ ఫోను చెవిన పెట్టుకుని ఉంది. "నాయనా, గొర్రెల కాడికి మనిషి కావాలంటివి కదా? దొరికినాడు. వాగుడెక్కువ గానీ, కాళ్ళు గట్టివే."

గోడవార చీమలు మాత్రం, ఎవరి అనుమతీ అడక్కుండా, యమపాశం గోల్డు తాగుతూనే ఉన్నాయి.