పచ్చరంగు పైపులు

ఆ ఉదయం హోటల్ ప్లంబరు పెట్టుకున్న పని ఒక్కటే. పర్యావరణ తనిఖీ అధికారి వచ్చి వెళ్లేదాకా ఏ కొళాయీ కారకూడదు. సర్టిఫికెట్ వస్తే ఉద్యోగం పర్మనెంటు చేస్తానని మేనేజరు మాటిచ్చాడు. ఆ మాట కోసం అతను ఎనిమిదేళ్లుగా చూస్తున్నాడు.

సెల్లార్లోకి దిగేసరికి కాళ్లు ఆగిపోయాయి. మంచినీళ్ల నీలం పైపులు, స్నానాల నీళ్లను మొక్కలకు పంపే బూడిదరంగు పైపులు, అన్నీ ఒకటే పచ్చరంగులో నిగనిగలాడుతున్నాయి. గుర్తుకని తాను పైపులకు కట్టుకున్న గుడ్డపీలికలు చెత్తబుట్టలో ఉన్నాయి.

"ఇదేంటి బావా?" అన్నాడు, అక్క మొగుడే అయిన ఎలక్ట్రీషియనుతో.

"పర్యావరణం బామ్మర్దీ. నిన్న మేనేజరుగారు దగ్గరుండి వేయించారు. కాసేపు కదలకుండా నిలబడితే నాకూ వేసేవాళ్లు."

స్నానాల నీళ్లు ఆగి ఆగి పోతాయి, మంచినీళ్లు ఒకే ధారగా పోతాయి. ప్లంబరు ఒక్కో పైపుకీ చెవి ఆనించి, విని, పీలికలు మళ్లీ కట్టుకొచ్చాడు. చివరి ముడి వేస్తుండగా మేనేజరు అధికారిని వెంటబెట్టుకుని దిగాడు.

"ఒక్క చేత్తో నీళ్ల ఆదా, చూడండి సార్," అంటూ పీలిక చూసి, రెండు లైన్లనీ కలిపే వాల్వు తిప్పేశాడు.

"అది కాదండీ..."

"పెద్దవాళ్లు మాట్లాడుతుంటే నీకెందుకయ్యా? ఏదీ ముట్టుకోకు."

పైన అధికారి చేతులు కడుక్కోబోతే కొళాయిలోంచి నురగ వచ్చింది. మేనేజరు ముఖం పాలిపోయింది, అంతలోనే తేరుకుంది.

"సబ్బు ఆదా పథకం సార్. నీళ్లలోనే కలిసొస్తుంది. విడిగా సీసాలూ ప్లాస్టిక్కూ ఉండవు."

"ఇలాంటిది ఎక్కడా చూడలేదే," అని అధికారి రాసుకున్నాడు. ఫొటో తీద్దామని కెమెరా కోసం కారు దగ్గరికి వెళ్లాడు.

ప్లంబరు హోటలిచ్చిన ఫోన్లోంచి మేనేజరుకి చేశాడు. "ఆ లైనే తాగేనీళ్ల కొళాయికీ పోతుందండీ. టూరుకొచ్చిన బడిపిల్లలు సీసాలు పట్టుకుని వరసలో నిలబడ్డారట."

"పావుగంట ఆగలేరా?"

"ఆగమని మీరే చెప్పండి."

"చెప్తే ఆఫీసరుగారికి వినపడుతుందయ్యా."

ప్లంబరు ఫోను జేబులో పెట్టుకుని వాల్వు మూశాడు.

"పర్మనెంటు పోతుంది రోయ్," అన్నాడు బావ.

"పోనీలే బావా."

అధికారి కెమెరా గురిపెట్టేసరికి తేటనీళ్లు వచ్చాయి. ఆయన ముఖం చిట్లించాడు. "ఇవి మామూలు నీళ్లేగా?"

"కింద మావాడు చెడగొట్టాడు సార్. పర్యావరణమంటే తెలియని మనిషి. ఇవాళే తీసేస్తాను."

"సరే, రేపు పదింటికి వస్తాను. నురగ చూపించండి, సంతకం పెడతాను."

సాయంత్రం ప్లంబరు పానాల సంచీ తనది కాబట్టి భుజాన వేసుకున్నాడు. ఫోను హోటల్‌ది కాబట్టి మేనేజరుకి ఇచ్చేశాడు. గుడ్డపీలికలు తనవే కాబట్టి ఒక్కొక్కటీ విప్పుకుని పోయాడు.

మర్నాడు కొత్త ప్లంబరు సెల్లార్లో రెండు గంటలు తిరిగి, చేతులు తుడుచుకుంటూ మేనేజరు గదికొచ్చాడు. "ఏది ఏ పైపో, నురగ తెప్పించే వాల్వేదో పాతాయన్ని అడగాల్సిందేనండీ."

కిటికీలోంచి చూస్తే అధికారి కారు గేటు దాటుతోంది. మేనేజరు గబగబా నంబరు నొక్కాడు.

రింగు అతని సొరుగులోంచే వినిపించింది.