పన్ను పోటుకు కారు దానం

నిస్వార్థ దానానికి ముహూర్తం ఒక్కటే: డిసెంబరు ముప్పై ఒకటి, సాయంత్రం ఐదు గంటలలోపు!

అమెరికాలోని టొలీడో నగరంలో ‘మలిచక్రం’ అనే ధర్మసంస్థలో పద్నాలుగేళ్లు గుమాస్తాగా కూర్చుని నేను కనిపెట్టిన మహాసత్యమిది. జనవరి నుంచి నవంబరు దాకా మా ఊళ్లో ఎవరి కంటికీ బీదవాళ్లు ఆనరు. డిసెంబరు రాగానే అకౌంటెంటు ఫోన్ చేస్తాడు. ఆ ఫోనుకు గుండె కరుగుతుంది. కరిగిన గుండెతో మనిషి తిన్నగా గ్యారేజీలోకి వెళ్లి, మూలన పడివున్న పాతకారును చూసి, ‘అయ్యో, ఇది లేక ఏ బీదప్రాణి ఎన్ని పాట్లు పడుతోందో!’ అని కళ్లు ఒత్తుకుంటాడు. ఆ తర్వాత మాకు ఫోన్ చేసి మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: “రసీదు ఎప్పుడిస్తారు?”

ఆ ఏడు డిసెంబరు పదహారున డాక్టర్ థర్‌స్టన్ క్రెయిల్ స్వయంగా విచ్చేశారు. ఆయన పళ్ల డాక్టరు. ఊళ్లో మూడు దంతవైద్యశాలలున్నాయి. హైవే మీద ఎటు వెళ్లినా ఆయన నవ్వే బోర్డు ఒకటి ఎదురవుతుంది. పన్ను పీకడంలో ఆయన చెయ్యి ఎంత తేలికో, పన్ను కట్టడంలో అంత బరువు.

“ఇర్మాగారూ, సమాజానికి నా వంతుగా ఏదైనా చెయ్యాలనిపించింది,” అన్నారు.

“ఎప్పుడనిపించిందండీ?”

“ఇవాళ పొద్దున్నే. మా అకౌంటెంటుతో మాట్లాడుతుంటే.”

ఆయన వెనకాలే ట్రక్కు మీద కారు దిగింది. అత్తగారు వదిలివెళ్లిన మెరూన్ రంగు కారు. ఆవిడ పోయి ఆరేళ్లయింది, కారు పోయి ఏడేళ్లయినట్టుంది. అద్దాలు కిందికి దిగవు. హీటరు ఒకసారి వేస్తే ఆగదు. వెనకసీటులో ఉడుతలు కాపురం చేసి, పిల్లల్ని పెంచి, సౌకర్యం చాలక వేరే ఇల్లు చూసుకుని వెళ్లిన ఆనవాళ్లున్నాయి.

“విలువ ఐదువేలకు పది డాలర్లు తక్కువని రాసివ్వండి,” అన్నారు డాక్టరుగారు.

“ఆ పది ఎందుకండీ తగ్గించడం?”

“ఐదువేలు దాటితే బయటి మనిషెవరో వచ్చి వెల కట్టాలిట. ఎవర్నీ శ్రమపెట్టడం నాకిష్టం ఉండదు.”

“దీన్ని వేలం వేస్తే ఎంత పలికితే అంతే పన్ను లెక్కలో మీ ఆదాయంలోంచి తగ్గించి చూపుకోవాలండీ. నాలుగువందలు వస్తే గొప్ప. అలా కాకుండా మేం బాగుచేసి ఏ బీదమనిషికో ఇస్తే, అప్పుడు బజారు విలువంతా మీరు చూపుకోవచ్చు.”

డాక్టరుగారి ముఖంలో బీదలపట్ల ప్రేమ ఉదయించడం నేను కళ్లారా చూశాను. బూట్ల శబ్దం కూడా వినబడనంత మెత్తగా దగ్గరికొచ్చి, “బీదవాళ్లు మీ దగ్గర స్టాకున్నారా?” అని అడిగారు.

“జాబితాలో నలభై ఒక్కమంది ఉన్నారండీ.”

“ముప్పై ఒకటిలోగా డెలివరీ అవుతుందా?”

ఇంతలో మా డైరెక్టరు క్లెమ్ జబ్లాన్‌స్కీ లోపలి గదిలోంచి పరుగున వచ్చి ఆయన చెయ్యి అందుకున్నాడు. “డాక్టరుగారూ! మీ దంతాలు... అదే, మీ దాతృత్వం ఊరంతటికీ తెలిసిందే!” అన్నాడు. పది నిమిషాల్లో మూడు నిర్ణయాలైపోయాయి. కారును మా సంస్థ ఖర్చుతో బాగుచేయాలి. ఇరవై ఎనిమిదో తేదీన డాక్టరుగారి పెద్ద వైద్యశాల ముందు సభ పెట్టాలి. పత్రికవాళ్లను పిలవాలి. బీదమనిషిని కూడా పిలవాలని నేను గుర్తుచేశాను. ఇద్దరూ ఒప్పుకున్నారు.

జాబితాలో మొదటి పేరు ఓడెట్ ప్రూయిట్. నలభై ఆరేళ్లు, ఇద్దరు పిల్లలు, భర్త లేడు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, రెండు బస్సులు మారి, ‘ఎరీ తీరం సపోర్ట్ సర్వీసెస్’ అనే కంపెనీకి గదులు ఊడ్చి తుడిచే పనికి వెళ్తుంది. గంటకు పదకొండు డాలర్లు. మా దగ్గర దరఖాస్తు పెట్టి రెండేళ్లయింది. ఫోన్ చేశాను.

“కారా? నాకా? ఏం మెలిక ఉందండీ అందులో?” అంది.

“మెలికేం లేదమ్మా. పక్కన నిలబడి ఒక ఫొటో దిగాలంతే.”

“ఆ, అదీ మెలిక,” అని నవ్వింది. “సరే, వస్తాలెండి. ఆ బస్టాపులో చలికి నా మోకాళ్లు పోతున్నాయి.”

ఇరవై ఎనిమిదిన ఎరీ సరస్సు మీంచి గాలి కోసేస్తోంది. అయినా అరవైమంది వచ్చారు. వచ్చినవాళ్లందరికీ పంచదార అద్దిన డోనట్లు పంచారు. పళ్ల డాక్టరుగారి ముందుచూపుకు నేను మనసులోనే దండం పెట్టుకున్నాను. కారు ముందు ఎర్ర రిబ్బను. డాక్టరుగారు మైకు అందుకున్నారు.

“మిత్రులారా! ఈ తల్లి దరఖాస్తు చదివి రాత్రి నాకు నిద్రపట్టలేదు. రోజంతా ఒళ్లు వంచి పనిచేస్తుంది. ఒక్కరోజు కూడా నాగా పెట్టదు. అయినా కారు సంగతి అలా ఉంచండి, కారు టైరు కొనుక్కునే స్థితి కూడా లేదు! ఎందుకు? గంటకు పదకొండు డాలర్లు! ఈ రోజుల్లో! నేనడుగుతున్నాను, ఎవడా యజమాని? వాడికి అద్దంలో తన ముఖం చూసుకోవడానికి సిగ్గనిపించదా? చెప్పమ్మా, భయపడకు! ఎవడు వాడు?”

ఓడెట్ మైకు దగ్గరికి వంగి మర్యాదగా చెప్పింది.

“మీరేనండీ.”

డాక్టరుగారు తన వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశారు.

“నేనా?”

“అవునండీ. ఎరీ తీరం సపోర్ట్ సర్వీసెస్ మీదే కదా. మీ మూడు వైద్యశాలలూ ఊడ్చే ఆరుగురమూ అందులోనే. మా చెక్కుల మీద సంతకం మీదే. తొమ్మిదేళ్లుగా మీ గది నేనే తుడుస్తున్నాను.”

“అలాగా! ఎక్కడో చూసినట్టుందే అనుకుంటున్నా!” అన్నారు డాక్టరుగారు, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి. సరిగ్గా అప్పుడే పత్రికవాడి కెమెరా మెరిసింది. ఆయన పళ్లు అంత సంపూర్ణంగా ఏ బోర్డు మీదా పడలేదు!

మా క్లెమ్ గబగబా చప్పట్లు మొదలుపెట్టాడు. జనం అందుకున్నారు. రిబ్బను తెగింది. ఓడెట్ కారెక్కింది. హీటరు ధాటికి కోటు విప్పి, స్వెటరు విప్పి, మంచులో ఎండాకాలపు మనిషిలా ఇంటికి వెళ్లిపోయింది.

ముప్పయ్యో తేదీ పొద్దున్నే డాక్టరుగారు మా ఆఫీసులో ఊడిపడ్డారు.

“కొంప మునిగింది! సొంత పనిమనిషికి ఇస్తే అది దానం కాదుట, జీతం కిందికి వస్తుందిట! మా అకౌంటెంటు ఫోన్లో కేకలేశాడు. తగ్గింపు మాట దేవుడెరుగు, ఎదురు పన్ను కట్టాలిట!”

“పోనీ జీతం కిందే రాసుకోండి,” అన్నాను. “నలుగురూ మెచ్చుకుంటారు.”

ఆయన నన్ను జాలిగా చూశారు. “ఇర్మాగారూ, మీకు ధర్మసంస్థలో పనిచేసి పనిచేసి లోకం తెలీకుండా పోయింది. ఉపాయం నేనే ఆలోచించాను. ఆమె ఇరవై ఏడో తేదీనే మా దగ్గర మానేసింది. ఇరవై ఎనిమిదిన కారు తీసుకున్నప్పుడు ఆమె ఎవరో, నేనెవరో.”

“ఆవిడ మానెయ్యలేదు కదండీ?”

“నేను తీసేశాను.”

“ఎప్పుడు?”

“ఇప్పుడే. ఇరవై ఏడో తేదీన.”

ఆ వాక్యంలోని కాలం ఏదో ఏ వ్యాకరణమూ చెప్పలేదు. డాక్టరుగారు గొంతు తగ్గించి, “అంతా ఆమె మంచికే. ఉద్యోగం కూడా పోయిందంటే ఇంకా బీదరాలవుతుంది. ఇంకా అర్హత పెరుగుతుంది,” అన్నారు.

నేను క్లెమ్ వైపు చూశాను. క్లెమ్ కిటికీ వైపు చూశాడు. వచ్చే ఏడాది మా సంస్థ పాలకవర్గంలో చేరతానని డాక్టరుగారు అతనికి మాటిచ్చి ఉన్నారు. “టైపు చెయ్యి ఇర్మా,” అన్నాడు కిటికీతోనే.

టైపు చేశాను. ‘కారు అందుకున్న నాటికి గ్రహీతకూ దాతకూ ఏ సంబంధమూ లేదని ధ్రువీకరించడమైనది.’ కింద నా సంతకం. లోకంలో అన్యాయాలు ఎవరు చేస్తారా అని చాలాసార్లు ఆలోచించేదాన్ని. చక్కగా టైపు కొట్టగలవాళ్లు చేస్తారు.

మధ్యాహ్నం కారు కాగితాల కోసం ఓడెట్ వచ్చింది. అప్పటికే ఆమెకు ఫోన్లో సంగతి చెప్పేశారు. నా ఎదుటి కుర్చీలో కూర్చుంది.

“పనికి వెళ్లడానికని కారిచ్చారు. ఇప్పుడు వెళ్లడానికి పని లేదు,” అంది. “ఏమండీ ఇర్మాగారూ, ఇదేనా ఆ మెలిక?”

ఆ ధ్రువీకరణ నేనే టైపు చేశానని చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె తిట్టలేదు. తిట్టివుంటే నాకు కాస్త నయంగా ఉండేది. “సరేలెండి. ఎవరి ఉద్యోగం వాళ్లది. నాది పోయింది గానీ,” అని కాగితాలు తీసుకుని లేచింది.

కథ ఇక్కడితో ముగిసేదే. కానీ జనవరి మూడున మా ఊరి వారపత్రిక వచ్చింది. మొదటి పేజీలో డాక్టరుగారి తెరిచిన నోరు. కింద పెద్దక్షరాలు: ‘తన పనిమనిషికి కారు కానుక! ఆనందంతో నోట మాటరాని యజమాని!’ రెండురోజుల్లో ఊరంతా ఆయన భజన మొదలైంది. కొత్త రోగులు వరసకట్టారు. వర్తకసంఘంవారు ఆయనను ‘ఏటి మేటి యజమాని’గా ఎన్నుకున్నారు. ఒక్కటే షరతు: కారు పుచ్చుకున్న పనిమనిషి స్వయంగా వేదికెక్కి బహుమతి అందించాలి.

డాక్టరుగారు మా ఆఫీసుకు చెమటలు కక్కుతూ వచ్చారు. “ఆమెను పిలిపించండి! ఆమె... పేరేదో... ‘ఓ’తో మొదలవుతుంది...”

ఓడెట్ వచ్చింది. నేనిచ్చిన కాఫీ నిదానంగా తాగుతూ, డాక్టరుగారు చెప్పిందంతా వింది.

“ఒక్కటే సందేహమండీ. ఇరవై ఎనిమిదో తారీఖున నేను మీ మనిషినా, కాదా? పన్నువాళ్లకు కాదన్నారు. పత్రికవాళ్లకు ఔనంటున్నారు.”

“రెండూ నిజమే కదా ఒక రకంగా...”

“నాకు ఒక రకమే కావాలండీ. నా ఉద్యోగం నాకివ్వండి. గంటకు పద్దెనిమిది డాలర్లు. మిగతా అయిదుగురికీ అంతే. కాగితం మీద రాసివ్వండి.”

“పద్దెనిమిదా! ఆరుగురికా! ఇది బెదిరింపు!”

“కాదండీ, దరఖాస్తు. కావాలంటే జాబితాలో నలభై రెండోదిగా రాయించుకుంటాను. తీరిగ్గా చూడండి.”

డాక్టరుగారు మనసులో లెక్క వేసుకున్నారు. పన్నులో మిగిలేది పదహారువందలు. బహుమతి బొమ్మతో హైవే మీద కొత్త బోర్డు పెడితే వచ్చేది ఎంతో ఆయన పెదవులు కదిలిన తీరునుబట్టే తెలిసింది. నా ధ్రువీకరణ పత్రాన్ని జేబులోంచి తీసి, ఆయనే నాలుగు ముక్కలు చేశారు. ఒప్పందం నేను టైపు చేశాను. ఈసారి తారీఖు సరైనదే వేశాను. అది పెద్ద సాహసం కాదని నాకూ తెలుసు.

బహుమతి సభ ఫిబ్రవరిలో జరిగింది. మూడువందల మంది, తెల్లగుడ్డ పరిచిన బల్లలు, వేయించిన కోడి. బహుమతి ఇచ్చేముందు రెండు మాటలు చెప్పమన్నారు ఓడెట్‌ను. ఆమె మైకు ముందు నిలబడి, నింపాదిగా మొదలుపెట్టింది.

“డాక్టరుగారు తొమ్మిదేళ్లు నాకు గంటకు పదకొండు డాలర్లిచ్చారు. నేనెవరో ఆయనకు తెలీదు. తర్వాత పన్ను తగ్గుతుందని కారిచ్చారు. నేను ఆయన మనిషినే అని తేలేసరికి, పన్ను తగ్గదని నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. ఈ బహుమతి వచ్చేసరికి మళ్లీ పెట్టుకున్నారు. ఆయన నన్ను తీసెయ్యకపోతే నాకు ఈ జీతం వచ్చేదే కాదు. అంచేత ఆయనకు కృతజ్ఞతలు.”

హాలు పగలబడి నవ్వింది! కొందరు బల్లలు చరిచారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది డాక్టరుగారే. వర్తకసంఘం అధ్యక్షుడు మైకు లాక్కుని, “యజమాని ఎదురుగానే ఇంత చనువుగా హాస్యమాడగలుగుతోందంటే, ఆ యజమాని ఎంత మంచివాడై ఉండాలి!” అన్నాడు. జనమంతా లేచి నిలబడ్డారు.

ఓడెట్ వేదిక దిగి మా బల్ల దగ్గరికి వచ్చింది.

“ఒక్కమాట కూడా కల్పించలేదండీ ఇర్మాగారూ. మీకు తెలుసు కదా?” అంది.

తెలుసన్నాను. నా గొంతు ఆమెకు వినబడలేదు. మా క్లెమ్ పక్కన లేచి నిలబడి, నేను కూడా చప్పట్లు కొడుతున్నాను.