ఫువాతినో వేయించిన పునాది

పాస్టరుగారి కొత్త ఇంటికి ఫువాతినో పునాది వేయిస్తోందన్న కబురు ఫాలెవై ఊరంతా పాకడానికి గురువారం మధ్యాహ్నం దాకా కూడా పట్టలేదు. రొట్టెల కొట్టు ఆవిడ చెప్పింది. ఆవిడకు మాసిలా చెప్పిందట. మాసిలాకు సాక్షాత్తూ ఫువాతినోయే చెప్పిందట. "నా చెవులారా విన్నాను. పునాది అంది. తల దించుకుని మరీ అంది. పెద్ద దానం చేసేవాళ్ళు అలాగే తల దించుకుంటారు" అని మాసిలా చాపలు అల్లేచోట కూర్చుని పదిమందికి పదిసార్లు చెప్పిందట.

నిజానికి ఆ పొద్దున ఫువాతినో అనుకున్న పని చాలా చిన్నది. ఏడు గంటల బస్సెక్కి, రేవు దగ్గర ఫొటోలు తీయించుకుని, బడి గంట కొట్టేలోగా వెనక్కి వచ్చెయ్యాలి. ఫొటోలు ఎందుకో ఊళ్ళో ఆమె మొగుడు తోలుపేనికి తప్ప ఎవరికీ తెలియదు. నలభై ఒక్కేళ్ళ వయసులో ఆమెకు సముద్రం అవతల, ఆపియా పట్నంలోని విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. పైచదువుకు కావలసిన పరీక్షలు చిన్నప్పుడు పాస్ కాలేదు కాబట్టి మొదట ఒక పునాది సంవత్సరం చదవాలి. అది గట్టెక్కితే మూడేళ్ళు ఉపాధ్యాయ విద్య. వచ్చే వారం శుక్రవారం ఒక్కరోజే, సాయంత్రం నాలుగింటిలోగా స్వయంగా వెళ్ళి సంతకం పెట్టాలి. పెట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

ఇరవై ఏళ్ళుగా ఆమె ఊరి బడిలో చిన్నపిల్లల తరగతికి సహాయకురాలు. ముక్కులు తుడిచేది ఆమె, అక్షరాలు దిద్దించేది ఆమె, ఏడ్చేవాళ్ళను చంకనెత్తుకునేది ఆమె. హాజరుపట్టీలో సంతకం మాత్రం టీచరుది. ఏటా ఒక కుర్ర టీచరు వస్తాడు. తరగతిని ఎలా కూర్చోబెట్టాలో ఆమె దగ్గరే నేర్చుకుంటాడు. నేర్చుకున్నాక ఆమెకే పని పురమాయిస్తాడు. ఈ ఏడాది వచ్చిన లెవీ మరీ అన్యాయం. అతనికి అ ఆలు దిద్దించింది ఆమే. వచ్చిన మొదటిరోజే "పిన్నీ, కాస్త సుద్దముక్కలు తెచ్చిపెట్టండి" అన్నాడు. ఆ రాత్రే ఆమె దరఖాస్తు నింపింది.

నింపింది గాని నోరు విప్పలేదు. నలభై దాటిన మనిషి పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన బల్ల మీద కూర్చుంటుందని తెలిస్తే ఊరు నవ్వుతుంది. ఫాలెవై ఊరు నవ్విందంటే మూడు తరాలదాకా ఆపదు. ఎప్పుడో బావిలో పడ్డ ఒక తాతగారి మనవల్ని ఇప్పటికీ "బావివాళ్ళు" అనే పిలుస్తారు.

ఆ గురువారం బస్సు దగ్గర మాసిలా పట్టుకుంది.

"ఏమే ఫువా, ఇస్త్రీ బట్టలు కట్టావు? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదులే వదినా. చిన్న పనుంటేనూ."

"చిన్న పనికి ఇస్త్రీ ఎందుకే?"

రాత్రంతా ఆ సీటు కాగితమే చదువుకుంటూ పడుకున్న ఫువాతినో నోట్లో వేరే మాట లేదు. "పునాది గురించి" అనేసింది.

"పునాదా?" అంది మాసిలా. అంతలో బస్సు వచ్చింది. మాసిలా తెరిచిన నోరు మూసేలోగా ఫువాతినో ఎక్కేసింది.

ఆ ఊరి మాటలోనూ పునాది అంటే పునాదే. ఇంటికైనా చదువుకైనా అదొక్కటే మాట. పాస్టరుగారికి ఇల్లు కట్టివ్వడం ఊరి బాధ్యత. పాత ఇల్లు పదకొండేళ్ళుగా కారుతోంది. కొత్తదానికి అప్పుడే సిమెంటు కొన్నారు, రాళ్ళు కొట్టించారు. మొదటి రాయి ఎవరు వెయ్యాలన్న దగ్గర ఆగిపోయింది. సముద్రం వైపు వంశం వేస్తామంటే రోడ్డు వైపు వంశం ఒప్పుకోదు, వీళ్ళు వేస్తామంటే వాళ్ళు ఒప్పుకోరు. వాదనలో సిమెంటు బస్తాలు కొన్ని రాళ్ళయిపోయాయి కూడా. ఇప్పుడు ఫువాతినో వేస్తుందంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ఆమె పొరుగూరి నుంచి వచ్చిన కోడలు, ఆ ఊరి లెక్కలో ఏ వంశానికీ చెందదు. ఇంత తేలిక మార్గం ఇన్నాళ్ళూ తట్టలేదేమిటని పెద్దలు ఒకరినొకరు తిట్టుకున్నారు.

మర్నాడు ఫువాతినో బడికి వెళ్ళేసరికి లెవీ లేచి నిలబడ్డాడు. "మీరు కూర్చోండి పిన్నీ, సుద్ద నేను తెచ్చుకుంటాను" అన్నాడు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. మధ్యాహ్నం ఇద్దరు ముసలమ్మలు వచ్చి కొత్త చాప ఇచ్చి, బుగ్గన బుగ్గ ఆనించి "చల్లగా ఉండు తల్లీ, పునాది వేసే చెయ్యి చల్లగా ఉండాలి" అన్నాక అర్థమయింది. 

"చెప్పెయ్యి" అన్నాడు తోలుపేని, సీమపనసకాయ కాలుస్తూ. "ఇప్పుడే వెళ్ళి మాసిలాకు చెప్పెయ్యి. ఏది మొదలైనా అక్కడే, ఆగినా అక్కడే."

"సోమవారం బడి అయ్యాక చెబుతాలే."

"ఈ రోజు చెబితే ఏం?"

 లెవీ సుద్ద తనే తెచ్చుకున్న సంగతి మొగుడికి చెప్పలేకపోయింది. ఇంకొక్క రోజు, ఒకే ఒక్క రోజు అతను తన సుద్ద తనే తెచ్చుకుంటే చూడాలని ఉంది. ఆ ఒక్కరోజు ఆశే కొంప ముంచిందని తరవాత వందసార్లు అనుకుంది.

ఆదివారం అందరూ తెల్లబట్టల్లో, తెల్ల టోపీల్లో కూర్చున్నారు. పాస్టరుగారు ఆ రోజు వాక్యం కూడా పునాది మీదే ఎంచుకున్నారు. చివర్లో ఆమె పేరు చదివారు. ఇక ఆగకూడదని ఫువాతినో నిలబడింది. "పాస్టరుగారూ, ఆ పునాది..." అంది. ఆమె నిలబడటం చూసి దానం ఒప్పుకుంటోందనుకున్న పాటలవాళ్ళు ఒక్కసారిగా ఎత్తుకున్నారు. నలభై గొంతులు. రోడ్డు వైపువాళ్ళు, సముద్రం వైపువాళ్ళు పదకొండేళ్ళ తర్వాత ఒకే శ్రుతిలో పాడుతున్నారు. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆ కళ్ళకేసి చూసి ఆమె మెల్లగా కూర్చుంది.

"శుక్రవారం పొద్దున ఏడింటికి మొదటి రాయి" అన్నారు పాస్టరుగారు.

తోలుపేని ఉలిక్కిపడ్డాడు. "శుక్రవారమా?"

"ఏడింటికే కదా" అని గొణిగింది ఆమె. "తొమ్మిదికల్లా అయిపోతుంది. పన్నెండు గంటల పడవ అందుకుంటే నాలుగింటికి ముందే ఆఫీసులో ఉంటాను."

"మన ఊళ్ళో తొమ్మిదికల్లా ఏది అయిపోయిందో ఒక్కటి చెప్పు."



శుక్రవారం ఏడింటికి ఊరంతా చేరింది. పందులు రాళ్ళ పొయ్యి మీద ఉన్నాయి. కొబ్బరిపాలలో ఉడుకుతున్న చేమాకు వాసన వీధంతా కొడుతోంది. ఫువాతినో మెడలో పూలదండ, ఒళ్ళో మొదటి రాయి, చాప కింద చేతిసంచీ. ఆ సంచీలో ఫొటోలు, పాత సర్టిఫికెట్టు, సీటు కాగితం. ఊరి తరఫున మాట్లాడే వక్త ఒక్కరు లేచి నాలుగు మాటలు చెబితే రాయి వెయ్యవచ్చు. కాని ఏ వక్త లేవాలో ముందు తేలాలి. ఊళ్ళో అయిదుగురు వక్తలున్నారు. చేతికర్రలు పట్టుకుని అయిదుగురూ లేచారు.

"ఈ గౌరవం తమది" అన్నాడు మొదటివాడు. అంటే, కూర్చోవయ్యా అని.

"తమ ముందు నేనెంత? తమరే సెలవివ్వాలి" అన్నాడు రెండోవాడు. అంటే, నువ్వే కూర్చో అని.

ఇలా ఒకరినొకరు మర్యాదగా కూర్చోబెట్టుకునేసరికి తొమ్మిదిన్నర అయింది. గెలిచినాయన గొంతు సవరించుకుని, సముద్రంలోంచి దీవులు పైకి తేలిన రోజునుంచి మొదలుపెట్టాడు. పదిన్నరకు దీవులమీద మనుషులు వచ్చారు. పదకొండుకు వంశాలు రెండుగా చీలాయి. ఈ ఊరు ఇంకా పుట్టనేలేదు.

రేవు అక్కడికి ముప్పావుగంట. వక్త మాట్లాడుతుండగా మధ్యలో లేచిన మనిషిని ఆ ఊరు ఎరగదు. ఫువాతినో లేచింది.

"ఇది నా పునాది కాదు" అంది. గొంతు పిల్లలముందు మాట్లాడినట్టే వచ్చింది. "నాది చదువు. పునాది సంవత్సరం. టీచరు చదువుకి సీటొచ్చింది. నాలుగింటిలోగా పట్నంలో సంతకం పెట్టాలి. నన్ను క్షమించండి."

వక్త చేతికర్ర గాలిలోనే ఆగిపోయింది. ఒక పందిపిల్ల తప్ప ఎవరూ కదల్లేదు. మొదట తేరుకున్నది మాసిలా. "ఇంకా చూస్తారేం? బండి తియ్యండి!" అని కేకేసింది.

బండి ఒక్కటే ఉంది, పునాదిరాళ్ళు నింపిన పికప్పు. దింపే టైము లేదు. ఫువాతినో సంచీ భుజాన వేసుకుని ముందు కూర్చుంది, పాస్టరుగారు స్టీరింగు పట్టుకున్నారు. వెనకాల రాళ్ళమీద తోలుపేని, మాసిలా, లెవీ, చోటు దొరికినంతమేర రెండు వంశాలూ. క్షేమంగా చేరాలని పాస్టరుగారు చిన్న ప్రార్థన చేశారు. ఆయన ప్రార్థనల్లో అది చిన్నదే.

కొండ ఎత్తు దగ్గర బండి మూలిగింది, నత్తలా పాకింది, నిలబడిపోయింది. "రాళ్ళు తోసెయ్యండి!" అని అరిచింది మాసిలా. పదకొండేళ్ళు కాపాడుకున్న రాళ్ళను దారి పక్కన కాలవలోకి దొర్లించారు. "అది మా వంశం కొట్టించిన రాయి, మీదే ముందు తొయ్యండి" అని అక్కడ కూడా ఒక వాదన లేచింది గాని, మాసిలా తనే రెండు వైపులవీ తోసేసింది.

రేవులో దిగేసరికి పడవ మూతి సముద్రం వైపు తిరిగి ఉంది. అందరూ చేతులూపారు. పడవలోవాళ్ళు, ఎవరినో సాగనంపడానికి వచ్చారనుకుని, తిరిగి చేతులూపారు.

తరవాతి పడవకు వెళితే నాలుగు దాటుతుంది. తోలుపేని ఫోను కలిపి ఆమె చేతిలో పెట్టాడు. అవతలి ఆవిడ మంచి మనిషి. అంతా ఓపిగ్గా వింది. "నాకూ బాధగానే ఉందమ్మా. కానీ తమ పేరు పిలుస్తారేమోనని ఇక్కడ ఇంకా తొమ్మిదిమంది పొద్దుటినుంచీ కూర్చుని ఉన్నారు. వచ్చే ఏడాది మళ్ళీ పెట్టుకోండి" అంది.

ఫువాతినో ఫోను తిరిగి ఇవ్వబోతే రెండో చెయ్యి ఖాళీగా లేదు. చూసుకుంటే మొదటి రాయి ఇంకా చంకలోనే ఉంది, దారంతా మోసుకొచ్చింది. దాన్ని రేవు గట్టుమీద పెట్టి, దాని పక్కనే కూర్చుంది. లెవీ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

"ముందే ఒక్క మాట చెప్పాల్సిందమ్మా" అన్నారు పాస్టరుగారు మెల్లగా.

"నలభై దాటి బడికెళ్తానంటే అందరూ నవ్వుతారనుకున్నానండీ" అంది ఫువాతినో, పడవకేసి చూస్తూ.

"నవ్వేవాళ్ళమే" అంది మాసిలా. "నవ్వి, పడవ ఎక్కించేవాళ్ళం."