పాదచారి గారికి స్వాగతం

శుక్రవారం పొద్దున వేణు వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు జొన్నరొట్టెలు తినాలి, స్కూటర్ ఆఫీసులో పెట్టాలి, పెద్దబజారు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి, ఫుట్‌పాత్ మీద పరిచిన సామాను లోపలికి తీసుకొమ్మని దుకాణదారులందరినీ దండం పెట్టి అడగాలి. ఇంతకుముందు కూడా అడిగాడు. వాళ్లు మర్యాదస్థులు. చాయ్ తెప్పించారు, ఇంట్లోవాళ్ల క్షేమం కనుక్కున్నారు, ఆ ఫుట్‌పాత్ మీదనే కుర్చీ వేసి కూర్చోబెట్టి, సాగనంపారు.

వేణు జనగామ మున్సిపల్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్. ఊరు జిల్లా అయి ఏళ్లయినా, పొద్దుగూకితే చాలు, పెద్దబజారులో షటర్లు దడదడా దిగుతాయి. ఒక ఐస్‌క్రీం తినాలన్నా, నలుగురిలో తిరగాలన్నా జనం బస్సెక్కి హనుమకొండ పోతారు. ఆ బస్సు అందుకోవడం కూడా తేలిక కాదు. పెద్దబజారు గుండా బస్టాండుకు నడిచినవాడు ఒక బండి హ్యాండిల్‌కు అంగీ తగిలించుకొని, ఒక బిందెల వరుసను తన్నుకొని, క్షమాపణలు చెప్పుకొని చేరేసరికి బస్సు ఊరి పొలిమేర దాటి ఉంటుంది.

కొత్తగా వచ్చిన కమిషనర్ కల్యాణి మేడం దీన్ని మార్చాలనుకున్నారు. శనివారం సాయంత్రాలు బజారులోకి బండ్లు బంద్ పెట్టి, జనం హాయిగా నడుస్తూ, తింటూ, కొనుక్కుంటూ తిరిగే ‘సందె బజారు’ నడపాలని పట్టుబట్టారు. దానికి ఫుట్‌పాత్ కావాలి. ఫుట్‌పాత్ ఉంది. అయితే కట్టిన మేస్త్రీ తప్ప దాన్ని కళ్లారా చూసినవాళ్లు లేరు.

“వేణూ, ఎల్లుండి సాయంత్రానికి ఫుట్‌పాత్ నాకు కనిపించాలి,” అన్నారు మేడం గురువారం. “కనిపించలేదనుకో, సోమవారం నువ్వు భూపాలపల్లి ఆఫీసులో కనిపిస్తావు.”

భూపాలపల్లి అంటే వేణుకు మళ్లీ ఒంటరి కాపురం. అతని భార్య మంజుల నర్సు. పెళ్లయినప్పటి నుంచి ఆమె డ్యూటీ ఆ భూపాలపల్లికి అవతల మహదేవపూర్‌లో, అతని డ్యూటీ ఇక్కడ. కాళ్లావేళ్లా పడితే మొన్ననే ఆమెకు జనగామ దవాఖానకు బదిలీ అయింది. ఇద్దరూ ఒక పొయ్యి మీద వండుకొని తినడం ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది.

“ఏందయ్యా, ఫ్లెక్సీ మీద నడిచేటోళ్లు అని రాయకపోయినవా?” అంది మంజుల శుక్రవారం పొద్దున, బజారుకని వేణు రాయించిన ఫ్లెక్సీ ఫొటో ఫోన్లో చూస్తూ. “పాదచారి ఏంది పాదచారి?”

“నడిచేటోళ్లు అంటె మాట. పాదచారి అంటె భాష,” అన్నాడు వేణు. అతను ఎమ్మే తెలుగు.

“పాదచారులు అని అయినా రాయవైతివి.”

“ఏకవచనంల ఒక గాంభీర్యముంటది. నీకు తెల్వదు.”

ఆ గాంభీర్యం అప్పటికే, గురువారం రాత్రే, స్తంభాలెక్కింది. బజారు పొడుగునా పెద్ద పెద్ద అక్షరాలు: ‘పాదచారికి స్వాగతం! శనివారం సాయంత్రం, పెద్దబజారు. పాదచారికి దారి విడవండి. ఈ దారిపై తొలి హక్కు పాదచారిదే. ఇట్లు, కమిషనర్.’

ఇక్కడొక సంగతి వేణు మరిచిపోయాడు. ఆ ఊళ్లో ఫ్లెక్సీ అనేది మనిషికే కడతారు. స్వాగతం అన్న మాటకు ముందు ఏది ఉంటే అది పేరు. బ్రహ్మచారి, వీరాచారి, నరసింహాచారి ఇంటికొకరున్న ప్రాంతంలో పాదచారి ఇంకొకడు. పైగా ఫ్లెక్సీ మీద ఫొటో లేదు. ఫొటో కూడా అక్కరలేనంత పెద్దమనిషంటే ఎంత పెద్దమనిషో అని బజారు బజారంతా తెల్లారేసరికి గుసగుసలాడుతోంది.

వేణు మొదట యుగేందర్ స్టీలు సామాన్ల దుకాణానికి వెళ్లాడు. యుగేందర్ వ్యాపారుల సంఘానికి అధ్యక్షుడు. అతను బిందె జరిపితే బజారంతా జరుపుతుంది. ఎప్పుడూ కూర్చున్నచోటి నుంచే “రా సార్” అనే మనిషి, ఇవాళ లేచి ఎదురొచ్చాడు.

“సార్, పాదచారి ఎన్నింటికొస్తరు?”

వేణు మురిసిపోయాడు. ఆ మాటను నోరారా పలికిన మొదటి వ్యాపారి.

“ఆరు కొట్టంగనే మొదలైతరన్నా. లైట్లు పడ్డంక ఇంకా జోరుగ వస్తరు.”

“కార్లనేనా?”

“కార్లు ఊరవుతలనే. బజార్లకు నడిచే వస్తరు.”

“నడిచే!” యుగేందర్ చెయ్యి గుండె మీదికి పోయింది. “ఒక్కరేనా, ఇంటోళ్లు గూడనా?”

“పిల్లాజెల్లా అందరొస్తరు.”

“ఏమన్న తింటరా?”

“తినకుంటె ఎట్ల? బజ్జీలు, కంకులు, ఏది దొరికితే గది. కూసోను జాగ ఉంటె ఇంకింత సేపుంటరు.”

“మరి... దారికి ఏదన్న అడ్డమొస్తె?”

“మొఖం మాడ్చుకొని ఎనకకు మర్లుతరు. మేడంకు తెలుస్తది. జేసీబీ వస్తది. నా చేతుల ఏం లేదన్నా.”

గౌరవించి ఒక్కరిని అన్నా, ఊరందరినీ కలిపి అన్నా మన భాషలో ‘వస్తరు’ ఒక్కటే. ఆ ‘రు’ దగ్గర ఇద్దరూ చెరొక దారి పట్టారు. వేణు సంతోషంగా ముందుకు పోయాడు. యుగేందర్ వెనక్కి తిరిగి పనివాళ్ల మీద అరిచాడు. “బిందెలన్ని లోపట పెట్టుర్రి! స్టవ్వులు గూడ! జల్ది!”

దాంతో చెప్పుల దుకాణం చెప్పులు తీసింది. బట్టల దుకాణం బొమ్మలు లోపలికి నడిచాయి. ఏళ్లుగా ఒకేచోట నిలబడి తుప్పుపట్టిన మోటారు సైకిలుకు యజమాని దొరికాడు. మధ్యాహ్నానికి ఎర్రటి పలకలు ఒక్కొక్కటే బయటపడుతుంటే, బావిలో ఊట చూసినట్టు జనం వంగి చూశారు.

బజ్జీల బండి సత్తమ్మ కూడా బండిని సందులోకి మళ్లించి, వేణును ఆపింది.

“సారూ, పాదచారికి ఉల్లిగడ్డ పడుతదా?”

“పడనోళ్లు ఎవరవ్వా? నువ్వు తింటలేవా? నువ్వు గూడ పాదచారివే.”

“శివశివా!” సత్తమ్మ చెంపలు వేసుకుంది. “గంత మాటనకు సారూ. నా అసొంటి పాపిష్టిదాన్ని పట్టుకొని.”

ఆ చెంపలు ఎందుకో వేణుకు అర్థం కాలేదు. ఆఫీసుకు చేరేసరికి మంజుల ఫోన్ చేసింది.

“ఏమయ్యా, పాదచారి అంటె ఎవరు?”

“పొద్దున చెప్పిన గద.”

“నాకు తెల్సు. ఓపీల ఉన్నోళ్లకు చెప్పు. మోకాళ్ల నొప్పులోళ్లు గోలీలు వద్దంటున్నరు. కాశీ కాడ్నుంచి నడిచొచ్చే స్వామట, ఆయన పాదం తాకితే నొప్పులు పోతయట. ఇంకొకాయన స్వామి కాదు, ఢిల్లీ ఆఫీసరు, నచ్చని దుకాణం మీద వేలు పెట్టి చూపిస్తే తెల్లారి ఉండదు అంటడు. నర్మెట్ట నుంచి ఆటోలు మాట్లాడుకుంటున్నరు.”

వేణుకు యుగేందర్ ‘నడిచే!’ గుర్తొచ్చింది. సత్తమ్మ చెంపలు గుర్తొచ్చాయి.

“ఇప్పుడే పోయి చెప్తా.”

“చెప్తె ఏమైతది? బిందెలన్ని మళ్ల బయటికొస్తయి. నువ్వు భూపాలపల్లికి పోతవు.”

“చెప్పకపోతె రేపు ఎవర్ని చూపియ్యాలె?”

“గది నాకెట్ల తెలుస్తది? భాష నీది,” అని మంజుల ఫోన్ పెట్టేసింది.

వేణు బజారు వైపు పోకుండా, బల్ల మీది ఫైలు ముందుకు లాక్కున్నాడు.

శనివారం సాయంత్రం పెద్దబజారును చూసినవాళ్లు నమ్మలేదు. షటర్లన్నీ పైకే ఉన్నాయి. రంగురంగుల లైట్లు. ఒక్క బండి లేదు, ఒక్క హారన్ లేదు. పాదచారిని చూడాలని పల్లెల నుంచి వచ్చినవాళ్లు, ఊళ్లోవాళ్లు, దవాఖాన నుంచి మోకాళ్లు పట్టుకొని వచ్చినవాళ్లు, అందరూ ఫుట్‌పాత్ మీద ఆ కొసకూ ఈ కొసకూ నడుస్తున్నారు. పెద్దమనిషి రావడం ఆలస్యమయ్యేకొద్దీ ఆకలవుతుంది గనుక బజ్జీలు తింటున్నారు. ఊరికే నిలబడలేరు గనుక దుకాణాల్లోకి దూరి బేరాలాడుతున్నారు. కల్యాణి మేడం ముఖం వెలిగిపోతోంది. వేణు ముఖానికి మాత్రం కరెంటు పోయింది. వ్యాపారులు బజారు మొదట్లో పందిరి వేసి, సింహాసనం లాంటి కుర్చీ పెట్టి, డప్పులవాళ్లతో, శాలువాతో కాచుకొని ఉన్నారు. ఆ కుర్చీని సరిగ్గా ఫుట్‌పాత్ నడుమనే వేశారు.

అప్పుడు బస్టాండు వైపు నుంచి ఒక మనిషి నడిచి వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల గడ్డం, భుజాన గుడ్డసంచి. చెప్పు తెగినందువల్ల రెండూ సంచిలో పెట్టుకొని ఒట్టికాళ్లతో వస్తున్నాడు. ఆ ఒట్టి పాదాలు చూడగానే పందిట్లో అందరూ లేచి నిలబడ్డారు.

యుగేందర్ చేతులు జోడించి ఎదురు వెళ్లాడు. “అయ్యా, తమరు... పాదచారి?”

డప్పుల మోతలో ఆయనకు ‘చారి’ అన్న ఒక్క ముక్కే వినపడింది. “ఆఁ, పెద్దాచారినే. నీకెట్ల ఎరుక?”

“తమరు నడిచే వచ్చిండ్రా?”

“నడవక ఏం జేస్త? ఒక్క ఆటోను రానిస్తలేరాయె.”

దండ పడింది. శాలువా పడింది. డప్పులు ఆకాశాన్నంటాయి. సత్తమ్మ, ఎందుకైనా మంచిదని, ఉల్లిగడ్డ లేని బజ్జీలు పళ్లెంలో తెచ్చి కాళ్లకు మొక్కింది. పెద్దాచారి బిత్తరపోయి, బజ్జీ మాత్రం వదలకుండా, కుర్చీలో కూర్చున్నాడు.

“వేణూ,” అన్నారు మేడం, “ఏ పెద్దవాళ్లనూ పిలవకుండా, నడిచి వచ్చిన మామూలు మనిషిని ముఖ్య అతిథిని చేశారా! ఇది నీ ఆలోచనేనా?”

వేణు తల ఆడించాడు. అది అవుననా, కాదనా అన్నది చూసినవాళ్ల ఇష్టం.

మేడం మైకు తీసుకెళ్లి స్వయంగా పెద్దాయన చేతికిచ్చారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

“నేను లింగాల ఘనపూర్ పెద్దాచారిని. వడ్లపని చేస్త, తలుపులు, బల్లలు కొడత. బస్టాండ్ కాడ్నుంచి గీడిదాంక వచ్చిన, ఒక్క హ్యాండిల్ నా డొక్కల పొడువలే. ఇది జనగామేనా అని తొవ్వల ఇద్దర్ని అడిగిన.” జనం గొల్లుమన్నారు. ఆయనకు హుషారొచ్చింది. “గింత మర్యాద ఏ ఊళ్లె చూడలే. యుగేందర్ సేటు అని ఒకాయన ఫోన్ల పిలిచిండు. దుకాణం ముంగట ఫుట్‌పాత్ మీదికి బల్ల గుంజాలె, బిందెలు పెట్టనీకి అన్నడు. గాయన దుకాణమేదో చూపెడితె కొలతలు తీసుకొని పోత.”

మేడం నెమ్మదిగా తల తిప్పి యుగేందర్ వైపు చూశారు. వారం కింద తానే చేసి మరిచిపోయిన ఫోను యుగేందర్‌కు ఇప్పుడు గుర్తొచ్చింది. ముఖం కడగని గంగాళంలా నల్లబడింది. కానీ అతను బేరగాడు. బేరగాడి నాలుక కాళ్లకంటే ముందు నడుస్తుంది.

“బల్ల అంటె... కూసునే బల్ల మేడం. నడిచేటోళ్లు అలసిపోతె కూసోను.”

“మరి బిందెలు?”

“మంచినీళ్లు మేడం. దూపైతది గద.”

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది వేణు. పాదచారి అంటే నడిచే ప్రతి మనిషీ అని, ఈ బజారు వాళ్లదేనని మేడం చక్కటి ఉపన్యాసం ఇచ్చారు. అది వింటూ యుగేందర్ పందిరి గుంజ చాటున వేణును పట్టుకున్నాడు.

“సార్, గాయన పెద్దాచారి. మరి పాదచారి ఏడి?”

వేణు చేత్తో బజారంతా చూపించాడు. “గీళ్లే అన్నా.”

“అందరా?”

“అందరు.”

“మరి నువ్వు వస్తరు అంటివి?”

“వచ్చిండ్రు గద.”

యుగేందర్‌కు కోపం రావలసిందే. వచ్చేది కూడా. ఇంతలో ఇద్దరు ఆడవాళ్లు దుకాణంలోంచి బిందెలు చంకన పెట్టుకొని బయటికొచ్చారు. వాళ్ల వెనక ఇంకో నలుగురు లోపలికి పోయారు. అవతల సత్తమ్మ ఖాళీ గిన్నె గీకుతూ, “పాదచారి దర్శనమైతె కాలే గని, పిండి ఒడిసింది,” అంటోంది.

“రేపు గూడ వస్తరా?” అన్నాడు యుగేందర్, గొంతు తగ్గించి.

“దారుంటె రోజూ వస్తరన్నా.”

“అట్లయితె బిందెలు లోపట్నే ఉండనీ,” అని అతను గల్లా వైపు పరుగెత్తాడు. పోతూ పోతూ, “ఓ చారీ, బల్ల గట్టిగ కొట్టు, పదిమంది కూసోవాలె!” అని కేకేశాడు.

డ్యూటీ దిగి వచ్చిన మంజుల, జనంలో నిలబడి నవ్వుతోంది. కంకి కాల్పించుకొని, కొరుకుతూ ఇద్దరూ నాలుగడుగులు వేసేలోపు మేడం పిలిచారు.

“వేణూ, నీ గురించి ఇప్పుడే పైవాళ్లకు ఫోన్లో చెప్పాను. భూపాలపల్లిలో కూడా ఇలాంటి బజారు పెట్టాలట. అక్కడ దుకాణదారులు ఎవరి మాటా వినరట. నీలాంటివాడే కావాలన్నారు. సోమవారం నుంచి నువ్వక్కడ.”

వేణుకు కంకి గింజ గొంతులో అడ్డం పడింది. “ఎన్నాళ్లు మేడం?”

“ఫుట్‌పాత్ కనిపించేదాకా.”

సోమవారం పొద్దున మంజుల సంచీలో రొట్టెలు, పచ్చడి సర్దింది. “ఆడ ఫ్లెక్సీ మీద ఏం రాస్తవు?”

“నడిచేటోళ్లు అనే రాస్త. బుద్ధొచ్చింది.”

“గట్ల రాస్తె ఒక్కడు గూడ బిందె జరపడు. పాదచారి అనే రాయి,” అంది ఆమె, సంచీ చేతికిస్తూ. “జల్ది ఇంటికొస్తవు.”

వేణు పెద్దబజారు గుండా బస్టాండుకు నడిచాడు. పెద్దాచారి కొట్టిన కొత్త బల్ల మీద ఇద్దరు ముసలివాళ్లు కూర్చొని ఉన్నారు. పక్కనే బిందె, మంచినీళ్లు. ఎర్ర పలకలు ఈ కొస నుంచి ఆ కొస దాకా మెరుస్తున్నాయి. వేణు వీలైనంత మెల్లగా నడిచాడు. కానీ భూపాలపల్లి బస్సు తప్పిపోవడానికి దారిలో ఒక్క వస్తువు కూడా అడ్డం రాలేదు.