పద్మనాభం సైకిలెక్కిన వైనం

ఆ సోమవారం పొద్దున పద్మనాభం పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. బల్ల మీదున్న మూడు ఫైళ్ళూ భోజనం వేళకి పైకి పంపించాలి. సాయంత్రం ఐదున్నరకి ఇల్లు చేరి, భార్య సరోజతో కలిసి సరోజినీ నగర్ మార్కెట్లో ఒక స్వెట్టర్ కొనుక్కోవాలి. అది 2006 నవంబరు చివరి వారం. ఢిల్లీలో అప్పుడే చలి మొదలైంది.

పద్మనాభం సొంత ఊరు తెనాలి. వయసు యాభై మూడు. గ్రామాల పారిశుద్ధ్యం చూసే ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అండర్ సెక్రటరీ. పద్దెనిమిదేళ్ళుగా తడి చెత్త, పొడి చెత్త అనే రెండు విషయాల మీదే ఉద్యోగం చేస్తున్నాడు. కానీ ఆఫీసులో ఆయనకి పేరు తెచ్చింది చెత్త కాదు, ఇంగ్లీషు. ఏ కాగితం ముందుకొచ్చినా ఆయన ఎర్ర సిరా పెన్ను మూత తీసేవాడు. ఒకసారి ఎవరో ఇచ్చిన పెళ్ళి శుభలేఖని కూడా దిద్ది వెనక్కి ఇచ్చాడని చెప్పుకుంటారు. ఆయన తప్పులు పట్టడం అందరూ చూశారు. ఆయన తప్పు చేయడం మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

మూడో ఫైల్లో స్పెయిన్ నుంచి వచ్చిన ఆహ్వానం ఉంది. అక్కడి కొన్ని పల్లెలు కలిసి పెట్టుకున్న సంఘం మార్చిలో గ్రామాల శుభ్రత మీద నాలుగు రోజుల సదస్సు జరుపుతోంది. ఐదో రోజున "చారిత్రక గ్రామాల మీదుగా సైక్లింగ్" అని వేసి ఉంది. పద్మనాభం ఆ మాట దగ్గర ఆగాడు. చెత్త మీద జరిగే సదస్సులో రీసైక్లింగ్ కాక ఇంకేముంటుంది? పాపం, పరాయి భాష కదా అని జాలిపడి, ఆ మాటకి ముందు ఎర్ర సిరాతో "రీ" చేర్చాడు.

తర్వాత ఐదో రోజు కార్యక్రమానికి జతపరిచిన పత్రం నింపాడు. ఈ రంగంలో అనుభవం ఎంత? పద్దెనిమిదేళ్ళు. మీ స్థాయి? మూడు గడులుంటే చివరిదాంట్లో, అంటే అందరికన్నా పై స్థాయిలో, టిక్కు పెట్టాడు. ఇతరులకు నాయకత్వం వహించగలరా? "మా దేశంలో అనేక రాష్ట్రాల్లో వహించాను" అని రాశాడు. పత్రం స్పెయిన్‌కి వెళ్ళింది, ఫైలు పైకి వెళ్ళింది. డైరెక్టరు, జాయింట్ సెక్రటరీ, సెక్రటరీ వరసగా సంతకాలు పెట్టారు. "గ్రామీణ రీసైక్లింగ్ అధ్యయనం నిమిత్తం" పద్మనాభం స్పెయిన్ వెళ్ళవచ్చునని ఉత్తర్వు వచ్చింది.

డిసెంబరు రెండో వారంలో, ఆయన సెక్షన్లో పనిచేసే దశరథ్ ఒక ఈ-మెయిల్ కాగితం పట్టుకొచ్చాడు. దశరథ్‌ది వరంగల్.

"సార్, స్పెయిన్ కెల్లి ఇసబెల్ అని మేడమ్ రాసింది. మీరొస్తున్నరని వాళ్ళు మస్తు ఖుష్ అయిన్రంట. అందరికన్న ముందు మీరే ఉండాల్నంట. మీ ఎత్తు అడిగిన్రు. కాలు కొలత గుడ అడిగిన్రు, తొడ కాడికెల్లి మడిమ దాంక."

"పొడుగు బూట్లిస్తారేమోనయ్యా. చెత్తలో తిరగాలి కదా."

"గట్ల లేదు సార్. సీటు ఎంత ఎత్తుల పెట్టాల్నో చూస్కుంటరంట."

"బస్సులో సీటు ఎత్తెందుకు?"

దశరథ్ గొంతు తగ్గించాడు. "బస్సు కాదు సార్, సైకిల్. నలభై కిలోమీటర్లు. గిది చెత్త ముచ్చట కాదు సార్, సైకిల్ తొక్కే ముచ్చట. ఇరవై మంది మీ ఎన్కనే వస్తరంట."

పద్మనాభం ఫైలు తెప్పించుకుని తెరిచాడు. తను చేర్చిన ఎర్రటి "రీ" అలాగే ఉంది. దాని కింద మూడు సంతకాలున్నాయి. ఇప్పుడది కొట్టెయ్యాలంటే, "నేను తప్పుగా చదివాను" అని నోటు రాసి, ఆ ముగ్గురి బల్లల మీదుగానే పంపించాలి. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆయన అలాంటి వాక్యం రాయలేదు. పైగా ఇంకో చిక్కుంది. తొమ్మిదో ఏట ఒకసారి సైకిలెక్కి పంటకాలవలో పడ్డాడు. ఆ తర్వాత మళ్ళీ ఎక్కలేదు.

"ఈ సంగతి ఎవరికైనా చెప్పావా దశరథ్?"

"అయ్యో, లేదు సార్. మీరు సైకిల్ చాంపియన్ అని మాత్రం చెప్పిన."

సాయంత్రానికి ఆ మాట మూడంతస్తులూ తిరిగింది. లిఫ్టు దగ్గర డైరెక్టరు ఆయన భుజం తట్టి, "ఛుపే రుస్తుం నికలే ఆప్, పద్మనాభంజీ!" అన్నాడు, ఇన్నాళ్ళూ బయటపడని మొనగాడన్నమాట అని. పద్మనాభం కాదనలేక చిరునవ్వు నవ్వాడు. ఆ చిరునవ్వుతో వెనక్కి వెళ్ళే దారి కూడా మూసుకుపోయింది.

ఇంటికెళ్ళి భార్యకి ఉన్నదున్నట్టు చెప్పాడు. సరోజ నవ్వలేదు. పచ్చి బఠాణీలు వలుస్తూనే అంతా విని, "నేను నేర్పుతాను" అంది.

"నీకు సైకిలొచ్చా?"

"కాలేజీకి రోజూ తొక్కేదాన్ని. రానూ పోనూ పద్నాలుగు కిలోమీటర్లు."

"ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదే!"

"పెళ్ళిచూపుల్లో పాటలొచ్చా అన్నారు, వంటొచ్చా అన్నారు. ఇదెవరూ అడగలేదు."

వీధి చివర ఇస్త్రీ చేసే అతన్ని అడిగితే సైకిలిచ్చాడు. పొద్దున ఏడు దాకా దానితో అతనికి పని లేదు. క్వార్టర్ల వెనక సందులో పాఠాలు మొదలయ్యాయి. ఎవరైనా చూస్తారన్న భయంతో పద్మనాభం మంచు బాగా పట్టిన రోజునే బయటికొచ్చేవాడు. అదృష్టవశాత్తూ ఆ ఏడాది ప్రతిరోజూ పట్టింది. ఆయన తొక్కుతుంటే సరోజ వెనక సీటు పట్టుకుని పరిగెత్తేది. తిన్నగా వెళ్ళడం కొద్దికొద్దిగా వస్తోంది గానీ మలుపు తిప్పడం రాలేదు. సందు చివరికి రాగానే దిగి, సైకిల్ని ఎత్తి అటు తిప్పి పెట్టుకుని, మళ్ళీ ఎక్కేవాడు.

పదిహేనో రోజు ఆదివారం. మొదటి అంతస్తులో ఉండే అన్నపూర్ణేశ్వరి పాల కోసం బాల్కనీలోకి వచ్చింది. కింద మంచులో మనుషులు కనపడలేదు. మాటలు మాత్రం వినపడ్డాయి.

"ఏమండీ, పదిహేను రోజులుగా పట్టుకునే ఉన్నాను. ఇంక నా వల్ల కాదు. ఇవాళ వదిలేస్తాను."

"నీకు దణ్ణం పెడతాను సరోజా. ఒక్క వారం ఓపిక పట్టు."

"వారం వారం అంటూ ఎన్నాళ్ళు? వదిలేస్తేగానీ మీకు తెలిసిరాదు."

"నువ్వు వదిలేస్తే నేను పడిపోతాను!"

"పడితే లేస్తారు. అందరూ అలాగే లేచారు."

ఆ తర్వాత దబ్బున చప్పుడైంది. ఆపైన సరోజ నవ్వు వినపడింది. అన్నపూర్ణేశ్వరిని అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టింది ఆ నవ్వే. ఆవిడ మంచి మనిషి. పక్కింటివాళ్ళ సంసారం గురించి ఊరంతా చాటే రకం కాదు. అందుకని ఒక్కరికే ఫోన్ చేసింది. ఆ ఒక్కరు ఢిల్లీ పక్కనే వైశాలిలో ఉండే సరోజ తమ్ముడు రఘునందన్.

రఘునందన్ నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పది గంటలకల్లా కారులో వచ్చి వాలాడు. వెనకే అన్నపూర్ణేశ్వరి ఉప్మా గిన్నెతో వచ్చింది. ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగి ఉండదని ఆవిడ ఉద్దేశం. పద్మనాభం గడ్డం మీద గీరుకుపోయిన గాయం, మోచేతికి కట్టు చూసి రఘునందన్ ముఖం పాలిపోయింది.

"బావగారూ, మీకు చెప్పేంతవాణ్ణి కాదు. కానీ అక్క మిమ్మల్ని వదిలేస్తానందట. చెయ్యి చేసుకునేదాకా కూడా వచ్చినట్టుంది. అసలేమైంది?"

పద్మనాభం ఉప్మా గిన్నె వంక చూశాడు. నాకు సైకిల్ రాదు, ఒక మాట తప్పుగా చదివాను అని చెప్తే, ఆ కబురు ఆఫీసుకి చేరడానికి రెండు రోజులు చాలు. చెప్పకపోతే ఏమవుతుందో ఆయన ఇంకా ఆలోచించలేదు. ప్రస్తుతానికి ఊరుకున్నాడు.

"అంటే నిజమేనన్నమాట. మధ్యలో ఇంకెవరైనా ఉన్నారా బావగారూ?"

అన్నపూర్ణేశ్వరి ఇబ్బందిగా కదిలింది. "చెప్పకూడదు గానీ నాయనా, మొన్న మంచులో అన్నయ్యగారి మాట వినపడింది. 'ఇసబెల్ ముందు నా పరువు పోతుంది' అంటున్నారు."

రఘునందన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అప్పుడే సరోజ కాఫీలు తెచ్చింది. ఆ మాటలన్నీ వంటింట్లోకి వినపడే ఉంటాయి. ఆమె ఒక్క ముక్క చెప్తే అంతా తేలిపోయేది. చెప్పలేదు. భర్త ముందు కప్పు పెట్టి ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఎదురుచూపు ఉంది. ఆమె అరచేతుల్లో సీటు ఇనుము ఒరుసుకుని ఎర్రగా కందిన గీతలు పద్మనాభానికి కనిపించాయి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి పదిహేను రోజులు తన వెనక పరిగెత్తింది. తనేమో ఒక అక్షరదోషం బయటపడకుండా ఉండటానికి ఆమె పేరు పోయినా ఫరవాలేదని కూర్చున్నాడు. ఆయనకి చాలా సిగ్గేసింది.

"నాకు సైకిల్ రాదు" అన్నాడు పద్మనాభం. "మీ అక్క నేర్పుతోంది. వదిలేస్తానంది నన్ను కాదు, సీటుని."

రఘునందన్ నెమ్మదిగా కూర్చున్నాడు.

"మరి ఇసబెల్?" అంది అన్నపూర్ణేశ్వరి.

"ఆవిడకి నా కాలి కొలత కావాలి."

అన్నపూర్ణేశ్వరి ముఖం చూశాక, ఇంకా చెప్పాల్సింది చాలా ఉందని ఆయనకి అర్థమైంది. ఎర్ర సిరా దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. చివరికి రఘునందన్, "అక్కా, నువ్వు కూడా వెళ్ళు. అక్కడ బావగారి సీటు పట్టుకునేదెవరు?" అన్నాడు. ఉప్మా అందరూ తిన్నారు.

మర్నాడు పద్మనాభం జీవితంలో మొదటిసారి "నేను తప్పుగా చదివాను" అని నోటు రాసి పైకి పంపించాడు. "ఈ దశలో మార్పులు సాధ్యం కాదు. బయల్దేరండి" అని డైరెక్టరు రాసి, రెండు గంటల్లో తిప్పి పంపించాడు.

మార్చిలో భార్యాభర్తలిద్దరూ స్పెయిన్ వెళ్ళారు. నాలుగు రోజులు ఉపన్యాసాలయ్యాయి. ఐదో రోజు పొద్దున పద్మనాభం ఇసబెల్ దగ్గరికెళ్ళి, తనకి సైకిల్ సరిగా రాదని చెప్పాడు. పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉన్న మనిషికి ఎంత వినయమో అని ఆమె ముచ్చటపడి, ఆయన్ని అందరికంటే ముందు నిలబెట్టింది. ఆయన వెనకే సరోజ, ఆమె వెనక ఇరవై మంది.

మొదటి పది కిలోమీటర్లూ దారి తిన్నగా ఉంది. రెండు పక్కలా పచ్చటి గోధుమ చేలు, మధ్యమధ్య పూలు పూసిన బాదం చెట్లు, దూరంగా ఏ గుట్ట చూసినా రాతి ఇళ్ళ ఊరొకటి. మొదటి ఊళ్ళో వందల ఏళ్ళనాటి చర్చి గోపురం మీద కొంగలు గూడు పెట్టి ఉన్నాయి. అరుగు మీద కూర్చున్న ముసలివాళ్ళు చప్పట్లు కొట్టారు. చెయ్యి తీస్తే పడతాడు కనుక పద్మనాభం గంభీరంగా తలాడించాడు. గాలి ముఖానికి కొడుతోంది. యాభై మూడేళ్ళకి ఆయనకి సైకిలంటే ఏమిటో తెలిసింది.

రెండో ఊరు దాటాక దారి ఎడమకి తిరిగింది. పద్మనాభం తిరగలేదు.

"ఏమండీ, ఎడమకి! ఎడమకి!"

"మలుపు రాలేదు కదే నాకు!"

ఆయన సైకిల్ తిన్నగా మట్టి బాటలోకి దిగి పల్లంలో వేగం అందుకుంది. నాయకుడికి తెలిసిన దారేదో ఉండి ఉంటుందని ఇరవై మందీ వెంటే దిగారు. బాట చివర ఒక గేటు బార్లా తెరిచి ఉంది. పద్మనాభం అందులోంచి దూసుకెళ్ళి కొండలా పోసిన అట్టపెట్టెల్లో కూరుకుపోయాడు. వెనక ఇరవై సైకిళ్ళూ క్రమశిక్షణగా ఆగాయి.

అది ఐదు ఊళ్ళ చెత్త తెచ్చి వేరుచేసే ఆవరణ. నీలం ఏప్రన్ కట్టుకున్న ఒక ముసలావిడ ఆయన్ని చెయ్యిపట్టి బయటికి లాగింది. దెబ్బలేం తగల్లేదు. ఆయన నీడన కూర్చుని మంచినీళ్ళు తాగుతుంటే, సరోజ ఆ ముసలావిడ వెంట ఆవరణంతా తిరిగింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా గాజు ఎక్కడ, కాగితం ఎక్కడ, వాడిన నూనె ఏం చేస్తారు, కూరగాయల తొక్కు ఎరువవడానికి ఎన్నాళ్ళు పడుతుంది అని చేతులతో అడిగి, వేళ్ళ మీద జవాబులు లెక్కపెట్టి, పుస్తకంలో బొమ్మలు వేసుకుంది. ఇరవై మందీ చుట్టూ చేరారు. నాలుగు రోజుల ఉపన్యాసాల కంటే ఇక్కడే ఎక్కువ నేర్చుకున్నామన్నారు.

"మీరు కావాలనే దారి మళ్ళించారు కదూ!" అంది ఇసబెల్.

"నేను దారి మళ్ళించలేదు. మలుపు తిప్పడం నాకు రాదు" అన్నాడు పద్మనాభం. ఆమె మళ్ళీ ఆయన వినయానికి ముచ్చటపడింది.

మిగిలిన దారి ఆయన వ్యానులో వెళ్ళాడు. కిటికీలోంచి ముందు సరోజ కనపడుతోంది. చున్నీ నడుముకి బిగించి కట్టి, పాత కోట గుమ్మంలోంచి ఊళ్ళోకి తిరిగింది. వెనక ఇరవై మందీ ఒకే వరసలో తిరిగారు. పద్మనాభం చాలాసేపు చూశాడు. దిద్దడానికి ఆయనకి అందులో ఏమీ కనిపించలేదు.

ఢిల్లీ వచ్చాక పన్నెండు పేరాల నివేదిక రాశాడు. "మొదటి రెండు పేరాల్లో నేను పడిపోయిన వివరాలున్నాయి. మిగతావన్నీ నా భార్య శ్రీమతి సరోజ సేకరించినవి" అని చివర్లో స్పష్టంగా పెట్టి సంతకం చేశాడు.

నివేదిక సెక్రటరీ దాకా వెళ్ళింది. "చాలా ఉపయోగకరంగా ఉంది. ఇకముందు ఇలాంటి అధ్యయనాలకు అధికారి అవసరం ఉందా, అధికారి భార్యను పంపితే సరిపోతుందా అన్నది పరిశీలించండి" అని రాసి ఆయన కిందికి పంపించాడు. ఫైలు జాయింట్ సెక్రటరీ నుంచి డైరెక్టరుకి, డైరెక్టరు నుంచి సంబంధిత సెక్షన్‌కి దిగింది.

పరిశీలించి, సరిపోతుందని పద్మనాభమే నోటు రాశాడు.