పళ్ళ డాక్టరు నాచాసురుణ్ణి మర్దించిన వైనం

సప్తసముద్రాలకు కడగొట్టు చెల్లెలివై, ఉప్పు పొట్లంలోంచి ఉద్భవించి, మూడో అంతస్తు ముందుగదిలో చెప్పుల స్టాండు పక్కన అద్దాల గోడల నడుమ అలలాడే ఓ ఎనిమిదో సముద్రమా! నీకు మ్రొక్కి, నీ గర్భాన జరిగిన ఘోరసంగ్రామాన్ని వినిపిస్తాను. అది ఆదివారం, ప్రచండ మార్తాండుడు బాల్కనీలో ఆరేసిన దుప్పట్లను అప్పడాల్లా ఎండబెడుతున్న మధ్యాహ్నం.

ఆ సముద్రాధిపతి ఒక పళ్ళ డాక్టరు. దంతపాషాణ విధ్వంసన ధురంధరుడు, పిప్పిపన్ను పేరు వింటే పూనకం వచ్చే మహావీరుడు. అంతటివాడి పగడపు దీవిని పచ్చనాచు చుట్టుముట్టింది. ముందు రాతి మీద నూగుమీసంలా మొలిచి, పిదప గడ్డమై, ఆపైన జటాజూటమై, గోరంత ముక్కగా తెచ్చి అతడు అరచేయంత పెంచుకున్న గులాబీ పగడాన్ని మెడదాకా కప్పి, దురహంకార మదాంధమై ఊగుతోంది.

అంతలో వంటింటి ద్వారాన ఇల్లాలు సాక్షాత్కరించింది. భుజాన తడితువాలు, చేత కొలతల టేపు.

"ఏమండీ, సాయంత్రం అన్నయ్య వస్తానన్నాడు. ఈ చెరువు ఖాళీ చేస్తే ఇద్దరూ కలిసి కిందికి దింపేయొచ్చు. ఇక్కడ నా కుట్టుమిషను పెట్టుకుంటా."

"చెరువేమిటోయ్! ఇది సముద్రం!"

"సముద్రానికి ఇంత జుట్టు ఉండదండీ."

ఆ వాక్శరం డాక్టరు గుండెలో దిగబడింది. నీళ్ళు తీస్తే పగడం బతకదు. చివాలున లేచి, ఫ్రిజ్‌లో కూరగాయల వెనక దాచిన సీసాను శంఖంలా పైకెత్తి, చేపల తొట్టి ముందు నిలిచి గర్జించాడు:

"ఓరీ నాచాధమా! పరశిలాపహారీ! ఇదిగో నా అక్షౌహిణి! నువ్వుగింజలో సగమైనా లేని, రొయ్యకు మునిమనవళ్ళనదగిన ఈ సూక్ష్మకాయ మహోదర వీరులు నిన్ను వేళ్ళతో సహా నమిలి మింగెదరు గాక!"

"మెల్లగా అరవండి, కింద వాటావాళ్ళు పడుకునుంటారు."

సీసా ఒంపాడు. సైన్యం పొగమంచులా దిగింది. దిగీ దిగగానే, తిండివేళకు తప్ప కనబడని కారణాన 'బావగారు' అనే బిరుదు పొందిన పసుపు చేప రాతిగుహలోంచి దూసుకొచ్చి, ముందువరుసను ఒక్క గుటకలో మింగి, రెండో వరుస ఎక్కడని చూసింది.

"ద్రోహీ! బావగారూ!"

"ఆ పేరెందుకు పెట్టారో నాకు తెలీదనుకోకండి," అంది ఇల్లాలు, అన్నగారి పరువు తలుచుకుని.

డాక్టరు చిల్లుల బుట్ట లాక్కొచ్చి చేప మీద బోర్లించి బందీని చేశాడు.

"అది నేను కూరగాయలు కడిగే బుట్ట!"

"ఇప్పుడది కారాగారం!"

నాచుకు వెలుగు అందకుండా తెరలు లాగి, తొట్టి దీపమార్పి, నుదుట ఆస్పత్రి లైటు కట్టి, మూతికి మాస్కు తొడిగి, పళ్ళపాచి గీకే కొక్కెం ధరించి మోచేతి దాకా సముద్రంలో దిగాడు. కుచ్చు కుచ్చుగా పెరికాడు, పట్టకారుతో పీకాడు. చేతి అలవాటుకు నోటి అలవాటు తోడై, "ఇంకొంచెం నోరు తెరవాలమ్మా... ఆ... నొప్పెడితే చెయ్యెత్తాలి," అని బండరాతికి ధైర్యం చెప్పాడు.

పక్కన నవ్వు వినిపించింది. ఇల్లాలు కుర్చీ వేసుక్కూర్చుని, అతని భూతద్దం కంటికి ఆనించుకుని అద్దానికి అంటుకుపోయి ఉంది. ఉన్నట్టుండి నవ్వు ఆగింది.

"ఏమండీ... ఒకటి కదులుతోంది. పీచుని రెండు చేతులతో పట్టుకుని నములుతోందండీ!"

"అదే నా సైన్యం," అన్నాడు డాక్టరు, మాస్కులోంచే.

"పాపం, ఎంత ఆకలిగా ఉందో! అదుగో, ఇంకోటి వచ్చింది. మీరు గీకడం ఆపండి, బెదురుతాయి."

ఫోను మోగింది. ఆవిడ భూతద్దం దించకుండానే ఎత్తింది. "అన్నయ్యా, ఇవాళ వద్దులే. ఇక్కడ వీళ్ళు భోంచేస్తున్నారు."

వినండి, దిక్కులారా! మోగండి, మూడో అంతస్తు నీళ్ళ పైపులారా! ఆ మహాహవంలో శత్రువు కోల్పోయింది శనగగింజంత నేల. నాచాసురుడి చేతినున్నది ఇంకా రాజ్యమంతా. అయినా ఆ శనగగింజంత మేర రాయి తెల్లగా, ఇప్పుడే తోమిన దంతంలా ధగధగలాడగా, మోచేతుల వెంట ఉప్పునీరు కారుతున్న విజేత, రెండో కుర్చీ తెచ్చుకుని భార్య పక్కన కూర్చున్నాడు.