సంఘానికి అంకితమైన కారు

అమీర్‌పేట క్రైస్తవ సంఘ సభ్యులకును, పంజాగుట్ట పరిసర ప్రజలకును తెలియజేయునది ఏమనగా, దయారత్నమను నేను నా మోటారు కారును సంఘ సేవకు అంకితము చేసితిని. కష్టములో ఉన్నవారెవరైనను అడుగవచ్చును.

ఇది 1943లో నేను గుడిలో నిలబడి చేసిన ప్రకటన. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు కూపన్ల మీద కొలిచి పోస్తున్న రోజులు. అలాంటి రోజుల్లో కారు అమ్ముకున్న దొర తెలివైనవాడు. కొన్న నేను పెద్దమనిషిని. సర్కారీ దఫ్తరులో హెడ్ గుమాస్తాను, పైగా సంఘ కార్యదర్శిని.

అంకితమివ్వడంలో చిక్కేమిటంటే జనం దాన్ని నిజమనుకుంటారు. మరుసటి వారమే ఒకాయన బేగంపేట స్టేషనులో దింపమన్నాడు. ఇంకొకాయన అత్తగారిని తెచ్చిపెట్టమన్నాడు. అందుచేత డ్రైవరు సాయిలుకు ఒక శాశ్వత ఉత్తర్వు జారీ చేశాను. ప్రతి ఆదివారం ఆరాధనకు ముందే సీటు కిందున్న పెట్రోలు కుళాయి కట్టేయవలెను. నా నోటిమాట లేనిదే విప్పరాదు. సంగతి మూడో మనిషికి తెలియరాదు. పెట్రోలు అందని ఇంజను ఎంత తిప్పినా దగ్గుతుంది గాని లేవదు. ఒకసారి సాయిలు సొంత బుద్ధితో కుళాయి విప్పితే వారం రోజులు పనికి రావద్దన్నాను. అప్పటినుంచి అతడు సొంత బుద్ధి వాడటం మానేశాడు.

ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరం బయటికి వస్తుండగా, తాపీ పని చేసే ఏసోబు భార్య నవోమిని మంచం మీద మోసుకొచ్చారు. నిన్నటినుంచీ నొప్పులు. వెంట మంత్రసాని రాజమ్మ ఉంది.

“బిడ్డ అడ్డం తిరిగిండు. ఇగ నా చేతుల లేదు. జల్ది పట్నం దవాఖానకు తీస్కపోతెనే ఇద్దరు బతుకుతరు” అంది.

నవోమిని వెనక సీటులో పడుకోబెట్టారు. సాయిలు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. చుట్టూ యాభైమంది. గత మూడు ఆదివారాలుగా నా ఇంజను రోగాన్ని కళ్ళారా చూసి సానుభూతి తెలిపినవారే. అది కుళాయి విప్పితే నయమయ్యే రోగమని ఇప్పుడు తెలిస్తే? నాకు చెడ్డ భయమేసింది. నవోమి కోసం కాదు, నా పరువు కోసం. రాయడానికి సిగ్గుగానే ఉంది.

సాయిలు హ్యాండిల్ వేసి తిప్పాడు. ఇంజను దగ్గింది. బడిపంతులు ప్లగ్గులు ఊడదీయించి, భార్య కొంగుతో తుడిపించారు. రేడియేటరులో నీళ్ళు చల్లబడ్డాయని ఒక సంఘపెద్ద నిర్ధారిస్తే కాగిన నీళ్ళు పోశారు. ఎదురింటి రుద్రమ్మ, “దిష్టి తగిలింది బిడ్డా” అని చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెచ్చింది. ఇది విగ్రహారాధన కిందికి వస్తుందా రాదా అని సంఘపెద్దలు పది నిమిషాలు చర్చించి, నిమ్మకాయను కేవలం పండుగా పరిగణించి అనుమతించారు. తరవాత కారును తోయాలన్నారు. నేనే ముందుగా కోటు విప్పి వెనక్కి వెళ్ళాను. వెనకనుంచి తోసేవాడికి కుళాయి అందదు గదా.

“అయ్యా, జర ఒక్క మాట చెప్పుండ్రి” అని సాయిలు గొణిగాడు. లోపల నవోమి కేక పెట్టింది. ఏసోబు వచ్చి నా పాదాల మీద పడ్డాడు. “నీ కాల్మొక్త అయ్యా, ఎట్లన్న చేసి బతికియ్యుండ్రి!”

అప్పుడు మాత్రం నిజంగా చెప్పేద్దామనుకున్నాను. గొంతు సవరించుకున్నాను. కార్యదర్శి గొంతు సవరించుకుంటే ఏం చేయాలో సంఘానికి తెలుసు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. ఇక ప్రార్థించక తప్పలేదు.

“పరలోకమందున్న మా తండ్రీ, ఈ యంత్రమును నీవెరుగుదువు. ఇందులోని ప్రతి మరను, ప్రతి గొట్టమును నీవెరుగుదువు...”

“విప్పమంటరా?” సాయిలు నా చెవిలో అడిగాడు. ప్రార్థన మధ్యలో ఆపడం మర్యాద కాదు. ప్రభుత్వంవారిని, యుద్ధంలోని సైనికులను, సంఘపెద్దలను పేరుపేరునా జ్ఞాపకం చేసుకుని ఆమెన్ అనేసరికి వెనక సీటు ఖాళీగా ఉంది.

రాజమ్మ కళ్ళు మూసుకోలేదు. దారిన పోతున్న పోచయ్య గడ్డిబండిని ఆపి, నవోమిని గడ్డిమీద పడుకోబెట్టి, ఏసోబును రెక్కపట్టి లాక్కుపోయింది. ఖైరతాబాదు దాటి దవాఖాన దాకా పోచయ్య ఎడ్లను ఉరికించాడు. తల్లీ బిడ్డా బతికారు. ఇంకో అరగంటైతే దక్కేవారు కాదని డాక్టరమ్మ అందట.

మరుసటి ఆదివారం కృతజ్ఞతా కూటం పెట్టారు. “స్వహస్తములతో కారును తోసి, ప్రార్థనాబలముతో రెండు ప్రాణములు నిలిపిన దయారత్నంగారు” అని పాస్టరుగారు ఉపన్యసించి నాకు పూలదండ వేశారు. ఏసోబు కళ్ళనీళ్ళతో కొడుక్కి నా పేరు పెట్టాడు. నేను వద్దనలేదు.

పోచయ్యనూ సంఘం మరచిపోలేదు. ఆరాధన దినమున అతని ఎడ్లు గుడి వాకిట పేడ వేసినందుకు సంజాయిషీ కోరాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. నోటీసు కార్యదర్శి హోదాలో నేనే రాశాను. దస్తూరీ ముత్యాల్లా ఉందని అందరూ మెచ్చుకున్నారు.